2 లక్షల కిలోమీటర్లు దాటిన లగ్జరీ కారు కొనొచ్చా?

సెకండ్ హ్యాండ్‌లో లగ్జరీ కారు చూస్తున్నామనగానే ఎవరైనా అడిగే మొదటి మాట, "ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?" నన్నడిగితే అది నాలుగో ఐదో ప్రశ్న. ముందు అడగాల్సింది, "ఇప్పటిదాకా ఇందులో ఏమేం మార్చారు? బిల్లులున్నాయా?" అని. దీనికి నికరమైన జవాబు దొరికితే 2.5 లక్షలు తిరిగిన కారైనా కొనమంటాను. దొరక్కపోతే 90 వేలే తిరిగినా వద్దంటాను. ఇంకా తెగించి చెప్పాలంటే, ఈ తరహా కార్లలో లక్షకీ లక్షన్నరకీ మధ్య ఉన్నవే మనిషిని నిలువునా ముంచుతాయి. తక్కువ తిరిగిందని ఆశపడి జనం ఎగబడేది సరిగ్గా వాటికోసమే.

ముందు ధర సంగతి. పెద్ద లగ్జరీ సెడాన్ మొదటి ఐదేళ్లలోనే సగం దాకా విలువ పోగొట్టుకోవడం మామూలే. పదేళ్లు దాటేసరికి కొత్త చిన్న కారు ధరకో, అంతకన్నా తక్కువకో వచ్చేస్తుంది. కానీ తగ్గింది కారు ధర ఒక్కటే. దాని హెడ్‌లైటు, రేడియేటరు, మామూలు స్ప్రింగు బదులు గాలితో కారును మోసే ఎయిర్ స్ప్రింగు, గేర్ బాక్సు, వీటిలో దేని ధరా తగ్గలేదు. విప్పి బిగించే మెకానిక్ కూలీ కూడా తగ్గలేదు. కారు కొత్తగా ఉన్నప్పుడు దాని ధరలో 2 శాతం అయ్యే రిపేరు, కారు ధర పదో వంతుకు పడిపోయాక 20 శాతం అయి కూర్చుంటుంది. అలాంటివి ఒకే ఏడాదిలో మూడొచ్చాయంటే కొన్న ధరలో సగం కన్నా ఎక్కువ మళ్లీ పెట్టినట్టే. చౌకగా వచ్చిందనుకున్న కారు చాలామందికి భారమయ్యేది ఇక్కడే. కారు చెడ్డదై కాదు, లెక్క తప్పడం వల్ల.

ఇంకో సంగతి అంతగా ఎవరూ పట్టించుకోరు. కంపెనీ ఇచ్చే సర్వీస్ షెడ్యూలు మొదటి ఓనర్‌ని దృష్టిలో పెట్టుకుని రాసింది. ఆయన లీజు మీదో లోన్ మీదో మూడు నాలుగేళ్లు నడిపి వదిలేస్తాడు. ఆ మూడు నాలుగేళ్లు ఖర్చు తక్కువ కనబడితే చాలు. ఇంజన్ ఆయిల్ 25 వేలకో 30 వేలకో ఒకసారి మార్చుకోవచ్చనే పద్ధతి అలాగే పాతుకుపోయింది. ఆటోమేటిక్ గేర్ బాక్స్ ఆయిలైతే అసలు మార్చే పనే లేదన్నారు. బీఎండబ్ల్యూ, ఆడి, జాగ్వార్ లాంటి ఎన్నో కార్లలో ఉన్నవి జెడ్ఎఫ్ కంపెనీ చేసిన 6 గేర్ల, 8 గేర్ల బాక్సులు. ఆ జెడ్ఎఫ్ మాత్రం 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్ల మధ్యలో, లేదా 8 ఏళ్లకోసారి, ఆయిల్ మార్చమని చెబుతుంది. కారు అమ్మిన కంపెనీ ఒకటంటే, అందులో గేర్ బాక్సు చేసిన కంపెనీ ఇంకోటంటుంది. నేను గేర్ బాక్సు చేసినవాళ్ల మాటే వింటాను. మొదటి ఓనర్ ఎవరి మాట విన్నా ఆయనకు నష్టం లేదు. బాక్సు జర్కులిచ్చే వేళకు ఆ కారు ఆయన దగ్గర ఉండదు.

ఇక లక్ష, లక్షన్నర మధ్యలో ఏం జరుగుతుందో చూడండి. గేర్ బాక్స్ ఆయిల్ గడువు దాటిపోయి ఉంటుంది. సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్‌లు పగుళ్లిస్తాయి, చక్రాలను పట్టి ఉంచే కంట్రోల్ ఆర్మ్‌లు వదులవుతాయి. కూలింగ్ సిస్టమ్‌లో థర్మోస్టాట్ హౌసింగు, ఎక్స్‌పాన్షన్ ట్యాంకు లాంటి ప్లాస్టిక్ భాగాలు ఏళ్ల తరబడి వేడికి పెళుసెక్కి ఉంటాయి. వాల్వ్ కవర్ గాస్కెట్ దగ్గరా, ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ దగ్గరా ఆయిల్ చెమర్చడం మొదలవుతుంది. ఇంజన్ మౌంట్లు కుంగుతాయి. ఎలక్ట్రిక్ వాటర్ పంపు ఉన్న బండైతే అది ఎప్పుడాగుతుందో చెప్పలేం. ఇవన్నీ ఒక్కొక్కటిగా పెద్ద జబ్బులేం కావు. కానీ అన్నీ కలిసి ఒకటి రెండేళ్ల వ్యవధిలో వచ్చి పడతాయి. రెండో ఓనర్ కారును గ్యారేజీకి తీసుకెళ్తాడు, వాళ్లు ఎస్టిమేట్ రాసిస్తారు, ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని కారును అమ్మకానికి పెడతాడు. కారుతోపాటు ఆ ఎస్టిమేట్ కూడా కొనుక్కుంటున్నామని మనకు తెలియదు.

2.4 లక్షలు తిరిగిన కారు ఆ గండం దాటొచ్చింది. ఎవరో ఒకరు డబ్బు పోసి దాటించారు. డబ్బు పోసేవాళ్లు లేని కార్లు మామూలుగా అంతదూరం రావు, మధ్యలోనే తుక్కుకు పోతాయి. అలాగని అక్కడితో ఖర్చులు ఆగిపోతాయని కాదు. షాక్ అబ్జార్బర్లు, ఇంజెక్టర్లు, టర్బో, క్యాటలిటిక్ కన్వర్టర్ లాంటి రెండో విడత మొదలవుతుంది. తేడా ఏమిటంటే, బిల్లుల ఫైలుంటే ఆ విడతలో ఎంత అయిందో, ఎంత మిగిలిందో కూర్చుని లెక్కేసుకోవచ్చు.

ఎక్కువ తిరగడమంటే ఏమిటో ఇంకా స్పష్టంగా చూపించే కారు ఒకటుంది. గ్రీసులో ఒక టాక్సీ డ్రైవర్ నడిపిన 1976 నాటి మెర్సిడెస్ 240డి, 46 లక్షల కిలోమీటర్లు తిరిగింది. 2004లో దాన్ని కంపెనీ మ్యూజియంకే ఇచ్చేశారు. ఆ ప్రయాణమంతా ఒకే ఇంజన్‌తో సాగలేదు, ఎన్నోసార్లు ఇంజన్లు మార్చుకుంటూ నడిపారు. అమెరికాలో 1996 మోడల్ లెక్సస్ ఎల్ఎస్ 400 ఒకటి 2017లో 10 లక్షల మైళ్లు, అంటే సుమారు 16 లక్షల కిలోమీటర్లు దాటింది. అది నిఖార్సైన లగ్జరీ కారు, 4 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్. వాటిని అంతదూరం నడిపించింది అదృష్టం కాదు, టైముకు మార్చిన సామాన్లు.

అన్నిటికీ కిలోమీటర్లే కారణమనుకోవడం కూడా పొరపాటే. కొన్ని ఇంజన్లలో లోపం డిజైన్‌లోనే ఉంటుంది. బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్‌లో, వాల్వులను ఇంజన్‌తో జతగా నడిపే టైమింగ్ చైన్ ఇంజన్‌కు వెనకవైపు, గేర్ బాక్స్ పక్కన ఉంటుంది. చైన్ సాగిందంటే పని చేయడానికి చేయి పట్టదు, పెద్దపెద్ద భాగాలు దించాల్సిందే. 2003 ప్రాంతంలో వచ్చిన ఆడి ఎస్4 వీ8లోనూ అంతే. మెర్సిడెస్ ఎం272 వీ6 తొలి ఏళ్ల ఇంజన్లలో అదురు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్ట్ గేరు ముందుగానే అరిగిపోయేది. మార్చాలంటే ఇంజన్ బయటికి రావాలి. పోర్షే 996 తరం 911లో ఐఎంఎస్ (ఇంజన్ లోపలి ఇంటర్మీడియట్ షాఫ్ట్) బేరింగు గొడవ కోర్టు దాకా వెళ్లింది. బీఎండబ్ల్యూ ఎన్63 వీ8లో టర్బోలను రెండు సిలిండర్ వరసల మధ్య లోయలో కూర్చోబెట్టారు. అక్కడి వేడికి చుట్టుపక్కల సీళ్లూ పైపులూ తట్టుకోలేకపోయాయి. 2014లో అమెరికాలో ఆ ఇంజన్ ఓనర్ల కోసం కంపెనీ ప్రత్యేకంగా ఒక కార్యక్రమమే పెట్టింది. 2002లో వచ్చిన మెర్సిడెస్ ఇ-క్లాస్ ఎలక్ట్రానిక్ బ్రేకుల పంపు ఎన్నిసార్లు బ్రేకు నొక్కారో లెక్కపెట్టుకుని, హద్దు దాటగానే మార్చమనేది. 2004లోనూ 2005లోనూ రీకాల్‌లు (లోపం సరిచేయడానికి కంపెనీయే కార్లను వెనక్కి పిలవడం) జరిగాక, 2006 మార్పుల్లో ఆ సిస్టమ్‌నే తీసేశారు. అందుకే మోడల్ పేరు చూసి మోజు పడకుండా ఇంజన్ కోడు తెలుసుకోవాలి. ఒకే బాడీలో ఒక ఇంజన్ బంగారం, పక్కది గుదిబండ కావచ్చు.

మా బాబాయి కొడుకు ఈమధ్య రెండు కార్లు చూసుకుని నన్ను తోడు రమ్మన్నాడు. కంపెనీ పేరెందుకులెండి, రెండూ ఒకే మోడల్ పెద్ద సెడాన్లు, ఒకే ఏడాదివి, ఒకే ఇంజన్. ఒకటి 95 వేలు తిరిగింది, పాలిష్ పట్టి అద్దంలా మెరుస్తోంది. రెండోది 2.4 లక్షలు తిరిగింది, బానెట్ నిండా గులకరాళ్లు తగిలిన మచ్చలు, డ్రైవర్ సీటు అంచున తోలు నలిగి ఉంది. ధరలో తేడా బాగానే ఉంది.

"అన్నయ్యా, ఇందులో ఆలోచించేదేముంది, మొదటిదే కదా?" అన్నాడు.

"ఉండరా, ముందు స్కానర్ పెట్టి చూద్దాం" అన్నాను.

చాలా కార్లలో ఇంజన్ కంప్యూటర్ ఒక సంగతి గుర్తుపెట్టుకుంటుంది: ఫాల్ట్ కోడ్లు, అంటే లోపం కనబడినప్పుడు అది రాసిపెట్టుకునే గుర్తులు, చెరిపేశాక బండి ఎంతదూరం తిరిగింది అని. మామూలు చిన్న స్కానర్‌తోనే చదవొచ్చు. మొదటి కారులో ఆ అంకె 11 కిలోమీటర్లు. పైగా కాలుష్య పరికరాలను కంప్యూటర్ తనంతట తాను పరీక్షించుకునే మానిటర్లలో సగం "పూర్తికాలేదు" అని చూపిస్తున్నాయి. అంటే మేం వస్తున్నామని తెలిసి ఎవరో కోడ్లు తుడిచేశారు. డాష్‌బోర్డు మీద ఒక్క లైటూ వెలగకపోవడానికి కారణం అదే. రెండో కారులో ఆ దూరం 14 వేలకు పైన ఉంది.

తర్వాత కంపెనీ స్థాయి స్కానర్ ఉన్న మెకానిక్‌తో లోపలి కంట్రోల్ యూనిట్లన్నీ చదివించాం. ఈ ఖర్చుకు ఎవరూ వెనకాడొద్దు. మామూలు స్కానర్ ఇంజన్ సంగతే ఎక్కువగా చెబుతుంది, గేర్ బాక్సు, సస్పెన్షన్, ఎయిర్ బ్యాగు లాంటివి పూర్తిగా చదవాలంటే ఆ కంపెనీ బళ్ల కోసం చేసిన సాఫ్ట్‌వేరే కావాలి. ఆ మోడల్‌లో ఇంజన్ ఎన్ని గంటలు నడిచిందో కూడా నమోదవుతుంది. మొదటి కారు: 95 వేల కిలోమీటర్లు, 4,100 గంటలు. రెండోది: 2.4 లక్షల కిలోమీటర్లు, 4,300 గంటలు.

ఆ రెండు వరసలూ మా వాడి కళ్లముందు పెట్టి భాగించి చూపించాను. మొదటిది గంటకు సగటున 23 కిలోమీటర్లు. అంటే జీవితమంతా ట్రాఫిక్‌లో ఆగుతూ, ఏసీ వేసుకుని నిలబడే ఇంజన్ తిప్పుతూ, బ్రేకూ గేరూ అరగదీసుకుంటూ గడిపింది. రెండోది గంటకు 56. హైవేల మీద ఒకే వేగంతో సాగిపోయిన బండి. ఇంజన్ నడిచిన కాలం రెండింటిదీ దాదాపు ఒకటే. అయితే కిలోమీటర్ల లెక్కన ఆయిల్ మార్చుకుంటూ వచ్చారు కాబట్టి రెండో కారు ఇంజన్‌కు అదే కాలంలో రెండింతలకు పైగా కొత్త ఆయిల్ అందింది. ఇప్పుడు చెప్పండి, ఎక్కువ అరిగిన ఇంజన్ ఏది?

అసలు మీటర్ మీద అంకెను నమ్మడానికే చాలా ధైర్యం కావాలి. యూరోపియన్ పార్లమెంటు 2018లో మీటర్ తిప్పే మోసాలపై తీర్మానం చేసినప్పుడు ముందు పెట్టుకున్న అంచనాల ప్రకారం, దేశం దాటి అమ్ముడయ్యే పాత కార్లలో 30 నుంచి 50 శాతం దాకా మీటర్ వెనక్కి తిప్పినవే. లగ్జరీ కార్లలో ఒక ఊరట ఉంది. కిలోమీటర్లు ఒక్క డాష్‌బోర్డులోనే కాదు, ఇతర కంట్రోల్ యూనిట్లలోనూ, కొన్ని బీఎండబ్ల్యూలలోనైతే తాళంచెవిలో కూడా నమోదవుతాయి. అన్నిచోట్లా తుడిచే ఓపిక మోసగాడికి తక్కువ. అవి ఒకదానికొకటి సరిపోలుతున్నాయో లేదో చూడమని మెకానిక్‌ని అడగండి.

స్కానర్ చెప్పనివి కళ్లే చెప్పాలి. మేం వెళ్లేసరికి మొదటి కారు బానెట్ వెచ్చగా ఉంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడే చైన్ గలగలా, పొగా బయటపడతాయి. ముందే వేడెక్కించి పెట్టారంటే మర్నాడు పొద్దున్నే, మేం వచ్చేదాకా తాళం తిప్పొద్దని చెప్పి మళ్లీ వెళ్లాలి. మేం అలాగే వెళ్లాం. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కారుకు ఈ రాత్రి పరీక్ష ఇంకా ముఖ్యం. సాయంత్రం చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో నాలుగు మూలలా కొలిచి రాసుకోవాలి, పొద్దున మళ్లీ కొలవాలి. మొదటి కారు ముందు ఎడమ మూల రెండు వేళ్లు కుంగి ఉంది. ఎయిర్ స్ప్రింగు రబ్బరు పగిలి సన్నగా గాలి పోతోందన్నమాట. అది ఒక్క స్ప్రింగుతో పోయే ఖర్చు కాదు. పోయిన గాలి నింపడానికి కంప్రెసర్ పదేపదే తిరుగుతుంది, తిరిగి తిరిగి కాలిపోతుంది, దాంతోపాటు రిలే అతుక్కుపోతుంది. మొదట్లోనే చూసుకుంటే ఒక బిల్లు, చూసీచూడనట్టు వదిలేస్తే మూడు.

టైర్ల విషయం ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను: పక్కన చెక్కిన నాలుగంకెల్లో మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ ఏడాది. ఇంత బరువైన కారుకు నాలుగు చక్రాలకూ నాలుగు రకాల చవక టైర్లు వేసిన ఓనర్ గేర్ బాక్స్ ఆయిల్ మార్చి ఉంటాడని నేను నమ్మను.

రీకాల్‌లు మాత్రం మర్చిపోవద్దు. తకాటా ఎయిర్ బ్యాగుల్లోని ఇన్‌ఫ్లేటర్లు వేడికీ తేమకూ పాడై, పేలినప్పుడు లోహపు ముక్కలు మనుషుల మీదికి చిమ్మాయి, ప్రాణాలు పోయాయి. బీఎండబ్ల్యూ, మెర్సిడెస్, ఆడి కార్లు కూడా ఆ రీకాల్ జాబితాల్లో ఉన్నాయి. ఛాసిస్ నంబరు ఇచ్చి ఆ కారుకు పెండింగ్ రీకాల్ ఉందో లేదో కనుక్కోవడానికి పైసా ఖర్చుండదు.

మా బాబాయి వాదన వేరు. "ఆ డబ్బుకు కొత్త చిన్న కారు వస్తుంది, వారంటీ ఉంటుంది, తలనొప్పి ఉండదు" అంటాడు. ఆ మాటలో బలముంది. ఇంట్లో ఒకటే బండి ఉండి, రోజూ దాని మీదే ఉద్యోగానికి వెళ్లాల్సినవాళ్లకు నేనూ అదే చెబుతాను. ఈ కార్లలో డబ్బు కన్నా ఎక్కువ వేధించేది ఎదురుచూపు. సామాను తెప్పించాలి, వచ్చాక కారు కంప్యూటర్ దాన్ని గుర్తించేలా కోడింగ్ చేయాలి. ఆడి లాంటి కార్లలో కొన్ని ఎలక్ట్రానిక్ యూనిట్లు పాత బండి నుంచి ఊడదీసి పెడితే కంపెనీ సర్వర్ అనుమతి లేకుండా పనిచేయవు. వారం పది రోజులు కారు షెడ్డులో నిలబడితే జీవితం ఆగిపోయేవాళ్లు దీని జోలికి పోకూడదు. లోన్ తీసుకుని కొనేవాళ్లూ అంతే. వాయిదా కట్టే నెలలోనే రిపేరు వస్తే రెండింటిలో ఏదో ఒకటి ఆగుతుంది, ఎక్కువగా ఆగేది రిపేరే. బ్రేకులూ సస్పెన్షనూ వాయిదా వేసిన రెండు టన్నుల కారు రోడ్డు మీద ఇంకొకరి ప్రాణం మీదికి కూడా వస్తుంది.

కానీ బాబాయి లెక్కలో ఒకటి రాలేదు. ఆ డోరు వేసినప్పుడు వచ్చే శబ్దం, ఎక్కడో దూరంగా ఉన్నట్టు వినబడే ఇంజన్, గంటల తరబడి కూర్చున్నా నడుము పట్టని సీటు, అధిక వేగంలోనూ చలించని స్టీరింగు. మేధ పెట్టి, శ్రద్ధ పెట్టి చేసిన యంత్రం అది. తుక్కుకు పోవడానికి చేసింది కాదు. దాన్ని ఇష్టపడి, కనిపెట్టుకుని నడిపే మనిషి చేతిలో ఇంకో పదేళ్లు బతకాల్సిన వస్తువు. ఆ ఇష్టం పిచ్చి అంటే నేనొప్పుకోను.

ఇష్టమున్నవాళ్లకు నా సలహా: అదే మోడల్‌లో చిన్న ఇంజన్ తీసుకోండి, ఎయిర్ సస్పెన్షన్ కాకుండా మామూలు స్టీల్ స్ప్రింగులున్నది వెతకండి. బీఎండబ్ల్యూలో టర్బో లేని ఎన్52 ఆరు సిలిండర్ల ఇంజన్ అలాంటిది. వాటర్ పంపు, రెండు మూడు గాస్కెట్లు తప్ప గుండె గుభేల్మనిపించే ఖర్చులు దానికి తక్కువ. వీ8 శబ్దం కోసం ప్రాణం లాగుతుంది, నాకు తెలుసు. అయినా వద్దు. సామాన్ల విషయంలో కంపెనీ ముద్ర ఉన్న డబ్బా కోసం పట్టుబట్టకండి. సస్పెన్షన్ ఆర్మ్‌లు చేసే లెమ్‌ఫోర్డర్ జెడ్ఎఫ్ వాళ్లదే. కార్ల కంపెనీలకు సరుకిచ్చేవాళ్ల సొంత డబ్బాలో అదే నాణ్యత తక్కువ ధరకు దొరుకుతుంది. ఇక, కొన్న ధరలో కనీసం మూడో వంతు విడిగా పక్కన పెట్టుకోండి. ఆ మూడో వంతు తీసి పెట్టాక చేతిలో మిగిలిందే మీ అసలు బడ్జెట్.

మా వాడు రెండో కారే తీసుకున్నాడు. ఆ ఓనర్ దగ్గర బిల్లుల ఫైలు ఉంది. కంట్రోల్ ఆర్మ్‌లు, వాటర్ పంపు, రేడియేటర్, గేర్ బాక్స్ ఆయిల్ ఒకసారి, ముందు ఎయిర్ స్ప్రింగులు రెండూ, అన్నిటికీ తేదీ, కిలోమీటర్లతో సహా ఉన్నాయి. మారనివి వెనక షాకులు, ఇంజన్ మౌంట్లు. గేర్ బాక్స్ ఆయిల్ రెండోసారి మార్చే గడువు దగ్గరపడింది. వాటి ఖర్చు కాగితం మీద రాసి ఓనర్ ముందు పెడితే ఆయన కాదనలేక ఆ మేరకు ధర తగ్గించాడు. తీసుకున్న వారంలోనే బ్రేక్ ఫ్లూయిడ్, ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లన్నీ మార్పించాం. వచ్చే నెల గేర్ బాక్స్ ఆయిల్, ఆ తర్వాత మౌంట్లు. వెనక షాకులు ఇంకొంత కాలం ఆగుతాయన్నాడు మెకానిక్, లిఫ్ట్ మీద పెట్టినప్పుడల్లా లీకుందేమో చూడమన్నాడు. కొత్త బిల్లులు అదే ఫైల్లో పెడుతున్నాడు మా వాడు.